కోకిలకు ఋణపడిన కవి

కృష్ణా డెల్టాలో వసంతము చప్పుడు చేయక వచ్చును. సార్వా వరికోతలు ముగిసి, కుప్పలు నూర్చి, గడ్డివాములు వేసిన తరువాత, పొలములో మిగిలిన తడికే మొలచిన మినుమును పెసరయు కాయ పట్టును. మాఘ ఫాల్గుణములు గడచునప్పటికి ఆ పైరులును ఇంటికి చేరి, మాగాణి నేల మెల్లమెల్లగా బీటలు తీయును. పొలములో మనుష్యుల పని తగ్గిన ఆ దినములలోనే చెట్ల పని మొదలగును. మామిడి పూత పట్టును. బూరుగు ఆకులన్నియు రాల్చి ఎర్రని పూవులు తాల్చును. రావికి రాగిరంగు చిగుళ్లు వచ్చును. కొండపల్లి కొండలపై మోదుగులు నిప్పు రాజుకొన్నట్లు కనబడును. చైత్రము నాటికి వేపచెట్ల క్రింద సన్నని తెల్లపూత రాలును. వాకిలి ఊడ్చు ఇల్లాలు చీపురు ఆపి, కొమ్మ వంచి, ఉగాది పచ్చడికి చాలినంత పూత దూసుకొని కొంగున కట్టుకొనును.

ఈ సంపదకు వెల లేదు, పట్టా లేదు, శిస్తు లేదు. అందుచేతనే కాబోలు, దీనికి కృతజ్ఞత చెప్పవలెనను తలంపు చాలమందికి రాదు. ఆ తలంపు కలిగి, ఆ ఋణమును మాటలతో తీర్చుకొనిన మహాకవి యొకరు ఈ నేలమీదనే పుట్టిరి. ఆయన విశ్వనాథ సత్యనారాయణగారు.

ఆ పేరు వినగానే సామాన్య పాఠకునకు కొంత జంకు కలుగుట సహజము. రామాయణ కల్పవృక్షము వంటి ఉద్గ్రంథము, వేయిపడగలు వంటి పెద్ద నవల, సంస్కృత సమాసములు, శాస్త్రచర్చలు, తన కాలముతో ఆయన పెట్టుకొనిన వాదములు, ఇవన్నియు కలిసి ఆయన చుట్టును ఒక కోటగోడవలె నిలిచినవి. కాని గోడ దాటి లోనికి పోయినవారికి మొదట కనబడునది సింహాసనము కాదు. ఒక పల్లెటూరి పెరడు, అందులో ఒక మామిడిచెట్టు, దాని గుబురులో కంటికి కనబడక కూయు కోకిల కనబడును. ఆయన జీవితమును ఆ పెరటినుండి చూచినచో, కఠినమని తోచినది చాలవరకు కరగును.

సత్యనారాయణగారు 1895 సెప్టెంబరు 10వ తేదీన, మన్మథనామ సంవత్సర భాద్రపద మాసమున, కృష్ణాజిల్లాలోని నందమూరు గ్రామములో జన్మించిరి. తండ్రి శోభనాద్రిగారు, తల్లి పార్వతమ్మగారు. బెజవాడయొద్ద కృష్ణకు తొలి ఆనకట్ట పూర్తియైనది 1855లో. అనగా ఆయన పుట్టునప్పటికి ఆ ఆనకట్టకు నలువది యేండ్లు. వానకై ఆకాశమువైపు చూచిన తరము ముసలిదై, కాలువ నీటితో పెరిగిన తరము కాపురములు చేయుచున్న కాలమది. కాలువ గట్లమీద చెట్లు పెరిగినవి. కాలువలలో పడవలు నడచుచుండెను. చేలగట్లపై తాళ్లు, ఈదులు నిలిచెను. వేసవిలో కాలువలు కట్టివేసినప్పుడు మడుగులలో మిగిలిన నీటిలో పిల్లలు ఈదులాడుదురు. ముంజలకాలము వచ్చినదనగా తాటిచెట్టు క్రింద గుంపు చేరుదురు. ముంజలు తినగా మిగిలిన బుర్రలకు పుల్ల గ్రుచ్చి బండ్లు చేసి వీధుల వెంట దొర్లింతురు. డెల్టా బాల్యమునకు ఇంతకంటె ఎక్కువ ఆటవస్తువులు అక్కరలేకుండెను.

శోభనాద్రిగారు కలిగిన గృహస్థు, అంతకుమించిన దాత. కాశినుండి శివలింగము తెచ్చి నందమూరులో విశ్వేశ్వరునకు గుడి కట్టించిన భక్తుడు. అడిగినవారికి లేదనుట తెలియని చేయి కావున, ఆస్తి నిలువలేదు. కుమారుడు పెరిగి పెద్దవాడగునాటికి ఇంటికి మిగిలినవి పేరు, గుడి, దారిద్ర్యము. తరువాతి కాలమున సత్యనారాయణగారు మా స్వామి అను కావ్యమును ఆ విశ్వేశ్వరుని ఉద్దేశించియే వ్రాసిరి. తండ్రి యిచ్చిన పొలములు పోయినవి, తండ్రి చూపిన దైవము పోలేదు.

అయితే ఆ బాలునకు తండ్రి ఇల్లు కాక మరియొక ఇల్లు కూడ ఉండెను. అది ఆరుబయలు. ఆ రోజులలో పల్లెలోని సారస్వతమంతయు ఆకాశము క్రిందనే జరిగెడిది. రచ్చబండయొద్ద పురాణము, గుడిముందు భజన, వీధి మధ్యను పందిరివేసి నాటకము, తెరకట్టి తోలుబొమ్మలాట. చూచుటకు టిక్కెట్టు లేదు. చాప ఒకటి చంకబెట్టుకొని పోయిన చాలును. చల్లగాలికి కూర్చుండి, తెల్లవారువరకు వినిన పద్యములు, పాటలు, కథలు పిల్లవాని చెవిలో నిలిచిపోయెను. పండితులు గ్రంథములనుండి సంపాదించు లయజ్ఞానమును నందమూరు ఆయనకు ఉచితముగ పెట్టినది. గ్రామములలో తిరిగిన జానపద కళాకారులవలన తన కవిత్వము ఎంత పొందినదో ఆయన మరువలేదు. ఆయన పద్యమును రాగముతో చదువునప్పుడు వినినవారు, ఆ కంఠములో పండితసభ ఎంత కలదో పల్లెవీథియు అంత కలదని గుర్తించిరి.

చదువుకై ఊళ్లు మారి, చివరకు బందరు చేరిరి. అచ్చట ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులు చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు. తిరుపతి వేంకటకవులలో ఒకరైన ఆ మహనీయుని నాటకపద్యములు పశువుల కాపరుల నోటను కూడ పలికినవి. పద్యము చదువుకొనినవారి సొత్తు మాత్రమే కాదని, ఎండలో నడచువాడును దానిని పాడుకొనవచ్చునని శిష్యునకు తెలియుటకు అంతకంటె మంచి నిదర్శనము అక్కరలేదు. బందరు నోబుల్ కళాశాలలో పట్టభద్రులై, జాతీయోద్యమపు ఊపులో ఆ పట్టణమందలి ఆంధ్ర జాతీయ కళాశాలలో అధ్యాపకులైరి. జీతము స్వల్పము, సంసారము పెద్దది. ఉద్యోగములు వచ్చుచు పోవుచుండెను.

ఇట్టి ఇబ్బందుల నడుమ ఆ తొలి సంవత్సరములలో ఆయన వ్రాసినవేవి? ఆంధ్రుల పూర్వవైభవమును చెప్పు ఆంధ్రప్రశస్తి ఒకటి. దానితోపాటు కిన్నెరసాని పాటలు, కోకిలమ్మ పెళ్లి, ఋతుసంహారము. ఒకటి భద్రాచల ప్రాంతపు అడవులలో పారి గోదావరిలో కలియు ఒక చిన్న వాగును గూర్చి. ఒకటి పెరటిలో కూయు పిట్టను గూర్చి. ఒకటి ఏటేట తిరిగివచ్చు ఆరు ఋతువులను గూర్చి. కృష్ణాగోదావరులు రెండును తెలిసిన కవి ఒక వాగునకు నాయికాపట్టము కట్టెను. నెమలులను హంసలను వర్ణించు చదువు చదివిన కవి నల్లని కోకిలకు పెండ్లి చేసెను. కాళిదాసు కావ్యము పేరునే తీసికొని, తన భాషలో ఋతువులకు మరల స్వాగతము చెప్పెను. చిన్నదానిని గొప్పచేయుట ఆయన ఉద్దేశము కాదు. చిన్నదని మనమనుకొనినది మొదటినుండియు గొప్పదేయని ఆయన నమ్మకము.

ఆ పాటలు గ్రంథములు తెరవని ఇండ్లలోనికి కూడ ప్రవేశించినవి. కల్పవృక్షమున నాలుగు పద్యములు చదువలేని వారు సైతము కిన్నెరసానిని ఎరుగుదురు. ఆయన సాంఘికాభిప్రాయములను అంగీకరింపని అభ్యుదయ రచయితలు అనేకులుండిరి. వర్ణవ్యవస్థను గూర్చి, పాతకట్టుబాట్లను గూర్చి ఆయన చెప్పినదానితో నేటి పాఠకునకు తగవు ఉండుట న్యాయమే. ఆ తగవు తీరునది కాదు. అయినను వాదములో ఆయనతో కలియనివారు కూడ వాగుయొద్ద, కోకిలయొద్ద ఆయనతో కలిసిరి. చెట్టు క్రింద నిలుచుండి కూత వినుటకు సిద్ధాంతము అడ్డురాదు.

వసంతమునకు కృతజ్ఞత చెప్పుట సుఖములో నున్నవానికి తేలిక. కష్టము వచ్చినప్పుడు ఆ కృతజ్ఞత నిలుచునా అనునదే ప్రశ్న. సత్యనారాయణగారికి ఆ పరీక్ష నడివయస్సు రాకమునుపే వచ్చినది. వారి ధర్మపత్ని వరలక్ష్మమ్మగారు కాలధర్మము నొందిరి. పేదరికమును పంచుకొని నడచిన తోడు పోయినది. ఆమె స్మృతికి ఆయన అర్పించినది వరలక్ష్మీ త్రిశతి.

రామకథ వ్రాయబూనిన ప్రతి కవియు ఒకచోట తప్పక ఆగవలసియుండును. సీతను పోగొట్టుకొని అడవులు వెదకుచు రాముడు పంపాసరస్సు చేరును. అప్పుడు వసంతము. చెట్లన్నియు పూచియుండును, తుమ్మెదలు మ్రోయుచుండును, కోకిలలు కూయుచుండును. చూపుటకు ప్రక్కను మనిషి లేదు. లోకములోని అందమంతయు రామునకు బాధగా మారు ఘట్టమది. వాల్మీకి కిష్కింధాకాండకు దానినే మొదలుగా పెట్టెను. తండ్రి ఆజ్ఞను శిరసావహించి రామాయణ కల్పవృక్షమును చేపట్టిన విశ్వనాథవారు ఆ సరస్సుకడకు వచ్చునప్పటికి, పూచిన చెట్టు ఒంటరివానికి ఎట్లు కనబడునో గ్రంథములవలన తెలిసికొనవలసిన అవసరము లేకుండెను.

అయినను ఆయన చెట్లకు, పిట్టలకు ముఖము చాటువేయలేదు. 1934లో వ్రాసిన వేయిపడగలు ఇందుకు సాక్ష్యము. ఆయన చెప్పుచుండగా తమ్ముడు వ్రాయగా, నెలదినముల లోపలనే ఆ మహానవల పూర్తియైనదని ప్రసిద్ధి. సుబ్బన్నపేట యను గ్రామపు మూడు తరముల కథ అది. ఊరిని కాచు వేయిపడగల పాము ఆ ఊరి ధర్మములకు గురుతు. కాలము మారుకొలది ఆ పడగలు ఒక్కొక్కటియే తగ్గిపోవును. కథానాయకుడు ధర్మారావునకు ప్రియమైన భార్య అరుంధతి మరణించును. గ్రంథకర్త ఇంటి దుఃఖము అక్షరములలోనికి దిగిన చోటు అదియేయని పాఠకులు తలంతురు. కాని అదే నవలలో పసిరిక యను విచిత్ర బాలుడు కూడ కలడు. పొలముల పచ్చదనముతో, పాముల నడకతో, నేలతో పెనవేసికొనిన ప్రాణి ఆ బాలుడు. మానవుడును పైరును వేరుకావని చెప్పుటకు కవి సృష్టించిన పాత్ర అది. ఇల్లు చీకటియైన కాలములో ఆయన చేయి పచ్చని చేలవైపే చాచుకొనినది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వారి బహుమతిని ఆ నవలయు, అడవి బాపిరాజుగారి నారాయణరావును పంచుకొనినవి. పి.వి. నరసింహారావుగారు దానిని సహస్రఫణ్ అను పేర హిందీలోనికి తెచ్చిరి.

1938లో సత్యనారాయణగారు విజయవాడ ఎస్.ఆర్.ఆర్. అండ్ సి.వి.ఆర్. కళాశాలలో ఆంధ్రోపన్యాసకులైరి. 1959 వరకు, అనగా ఇరువదియొక్క సంవత్సరములు, అచ్చటనే పనిచేసిరి. నందమూరు పెరటినుండి బెజవాడ ఎండలోనికి వచ్చుట చిన్న మార్పు కాదు. వేసవిలో ఆ పట్టణపు కొండలు రాత్రివేళ కూడ వేడి విడువవు. అయినను బెజవాడ పల్లెలను మరువనీయని పట్టణము. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవసు కాలువ ఊరి నడుమనుండియే డెల్టాకు బయలుదేరును. ఇంద్రకీలాద్రిపై నిలుచుండి చూచిన కృష్ణ ఇసుకతిన్నెలు, దూరమున తోటలు కనబడును. ఎండ చల్లారిన వేళ అంగళ్లముందు బొండుమల్లెలు తడిగుడ్డలలో తెల్లగా మెరయును. ఎన్ని పనులున్నను, ఎంత తక్కువ జీతగాడైనను, ఒక మూర మల్లెలు కొనుక్కొని ఇంటికి పోవుట ఆ ఊరి వేసవి సంప్రదాయము.

ఆయన విజయవాడలో నుండగనే 1952లో పాత ఆనకట్టకు గండిపడెను. దాని స్థానమున కట్టిన ప్రకాశం బ్యారేజి 1957లో ఉపయోగమునకు వచ్చినది. ఆయన బాల్యమున వేసవి నీడలనిచ్చిన కాలువలకు నీరు పంపిన కట్ట పోయి, క్రొత్త కట్ట వచ్చినది. అదే నీరు, అవే చేలు. మార్పును గూర్చి అంతగా వగచిన నవలాకారుని కన్నులముందే, మార్పువలన డెల్టా పచ్చదనము నిలిచెను. జీవితము ఒక్కొక్కప్పుడు కవితో ఇట్లు వాదించును. ఆ వాదములో కవి ఓడినను, చేలకు మేలే.

1959లో కరీంనగర్ ప్రభుత్వ కళాశాలకు అధ్యక్షులై వెళ్లి 1961 వరకు ఉండిరి. గోదావరికి ఆవలిదరి, ఈవలిదరి యను భేదము ఆయన కవిత్వమునకు ఎన్నడును లేదు. ఆ ప్రాంతపు వాతావరణముతో వ్రాసిన నవలకు పెట్టిన పేరు మ్రోయు తుమ్మెద. పేరులో కూడ పూవును వదలని పురుగే. మరల విజయవాడ చేరి, మారుతీనగరములో స్థిరపడిరి. 1962లో విశ్వనాథ మధ్యాక్కరలు గ్రంథమునకు సాహిత్య అకాడమి బహుమతి లభించినది. పది శతకముల ఆ సంపుటిలో శ్రీగిరి, భద్రగిరి, ద్రాక్షారామము వంటి ప్రసిద్ధ క్షేత్రములతో సమానముగా నందమూరునకు కూడ ఒక శతకము కలదు. మహాక్షేత్రముల పంక్తిలో తన పల్లెను కూర్చుండబెట్టుటకంటె ఋణము తీర్చుకొను పద్ధతి కవికి వేరేమున్నది?

కల్పవృక్షము దాదాపు ముప్పది సంవత్సరముల శ్రమ. 1970వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము దానికి దక్కెను. తెలుగున ఆ గౌరవము పొందిన తొలి రచయిత ఆయనయే. అదే సంవత్సరము పద్మభూషణ బిరుదమును వచ్చినది. కవిసామ్రాట్టని లోకము అంతకుముందే పిలిచియుండెను. ఇన్ని కిరీటములు మోసిన శిరస్సు 1976 అక్టోబరు 18వ తేదీన గుంటూరులో విశ్రమించినది. పుట్టినది వానకారున, పోయినది శరత్తున. వసంతము ఆయన జాతకములో రెండు కొనలయందును లేదు. నడుమనున్న ఎనుబదియొక్క ఏండ్లలోనే ఆయన దానిని చూచెను, కోల్పోయెను, మరల పాటలో నిలుపుకొనెను.

తెలుగువారి సంవత్సరము ఒక పూవును తినుటతో మొదలగును. ఆ పూవు చేదు. క్రొత్త బెల్లమును, క్రొత్త చింతపండును, మామిడిపిందెయు ప్రక్కనుండగా వేపపూత లేకున్న అది ఉగాది పచ్చడి కానేకాదు. ఏ ఇంటిలోను పెద్దలు పిల్లవానికి చేదు ఏరి తీసి పెట్టరు. అంతయు కలిపియే నాలుకపై వేయుదురు. తీపి వచ్చిన ఏడు దైవమునకు దండము పెట్టుట, చేదు వచ్చిన ఏడు మానివేయుట మన పెద్దల మతము కాదని ఆ చిన్న ముద్ద చెప్పుచున్నది. ఆస్తి పోయిన ఇంటిలో పుట్టి, సహధర్మచారిణిని పోగొట్టుకొని, అయినను కోకిలకు పెండ్లిపాట పాడిన కవి జీవితము ఆ పచ్చడి రుచికి దగ్గరగా నున్నది.

విజయవాడ నేడు మహానగరము. ఆయన తిరిగిన వీధులలో మేడలు లేచినవి, కాలువలలో పడవలు లేవు. అయినను చైత్రమాసపు తెల్లవారుజామున, వాహనముల రొద మొదలుకాకమునుపు, ఏదో ఒక పెరటి వేపకొమ్మనుండియో మామిడి గుబురునుండియో ఆ కూత వినబడును. మేడమీదినుండి ఒక పిల్లవాడు దానిని వెక్కిరించుచు తిరిగి కూయును. పిట్ట మరింత గట్టిగా బదులు పలుకును. పిల్లవాడు ఇంకను గట్టిగా కూయును. నందమూరు పిల్లలును ఒకప్పుడు ఇట్లే కూసిరి. వారిలో ఒకడు మాత్రము ఆ బదులు చెప్పుటను ఎనుబదేండ్లు మానలేదు.